బల్ల మీద బండి

పొద్దున్నే యూనివర్సిటీ లోపల నడుస్తాను. డాక్టరు చెప్పాడని కాదు, ఇంట్లో కూర్చుంటే నా నోరు ఊరుకోదని. మొన్న లా కాలేజీ దగ్గర ఒక అమ్మాయి ఆపింది. ఎవరో చెప్పారట, నేను యాక్సిడెంట్ కేసుల లాయర్‌నని.

"మేడం, ఈ కేసులల్ల ఫ్యూచర్ ఉన్నదా?"

"సాయంత్రం తార్నాక చౌరస్తాలో కాసేపు నిలబడు తల్లీ, నీకే తెలుస్తుంది" అన్నాను.

నవ్వింది. నవ్వే సంగతి కాదు గానీ నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆ పిల్లకు సరైన జవాబు ఇవ్వలేదే అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. ఎన్ని కేసులు గెలిచాను, ఎవరు శాలువా కప్పారు అన్నవి ఇందులో ఉండవు. శాలువాలు చలికాలంలో మా పనిమనిషికి పనికొచ్చాయి, నాకు కాదు.

మా నాన్నగారు ఉద్యోగం కోసం గుంటూరు నుంచి హబ్సిగూడ వచ్చారు. నేను ఇక్కడే చదివాను, ఇక్కడే నల్లకోటు వేసుకున్నాను. ఆడలాయరంటే విడాకుల కేసులే అనుకునేవాళ్లు. నాకు మాత్రం బైకు మీంచి పడినవాళ్ల కేసులు దొరికాయి. దొరకడం అన్నది సరైన మాటే. నేను ఏరుకోలేదు.

మెట్ల మీది ఆఫీసు

జూనియర్‌గా విఠల్ సారు దగ్గర చేరాను. వరంగల్ వైపు మనిషి. గొంతు పెద్దది, కోపం ఇంకా పెద్దది, మనసు ఆ రెండింటికంటే కొంచెం చిన్నది. కొంచెమే. తార్నాకలో ఒక టిఫిన్ సెంటర్ పైన ఆయన ఆఫీసు. కాళ్లు విరిగినవాళ్ల కేసులు చూసే మనిషి మేడ మీద ఆఫీసు పెట్టాడంటే ఆయన తెలివికి దండం పెట్టాలి. చేరిన కొత్తలో ఉండబట్టలేక అడిగేశాను.

"ఎక్కి వచ్చేటోనికి కేసు మీద పట్టుంటది శారదమ్మా" అన్నాడు.

"మంచం మీద ఉన్నవాడి సంగతేంటి సార్?"

"గందుకే కద నిన్ను పెట్టుకున్న. నువ్వు పోయి సూసి రా."

అలా ఆసుపత్రి వార్డులు, అడిక్‌మెట్ గల్లీల్లో అద్దె గదులు, మౌలాలి గుట్ట కింది ఇళ్లు అన్నీ నా వాటాకు వచ్చాయి. స్కూటర్ మీద తిరిగేదాన్ని. హెల్మెట్ పెట్టుకునేదాన్ని, అప్పట్లో జనం వింతగా చూసేవాళ్లు. చూడనీ. రోజూ పగిలిన తలలు చూసేదాన్ని, నాకా సిగ్గు?

ఆఫీసులో ఒక పొడుగు చెక్కబల్ల ఉండేది. ఎత్తు తక్కువ, వెడల్పు తక్కువ. కొత్త క్లయింటు వస్తే సారు కుర్చీ ఇచ్చేవాడు కాదు. బల్లకు అటో కాలు ఇటో కాలు వేసి, బండి మీద కూర్చున్నట్టు కూర్చోమనేవాడు. కాళ్లు కదపలేనివాణ్ని పక్కవాళ్లు పట్టుకునేవాళ్లు.

"ఇగ బండి తియ్యి. యాడికెళ్లి బయల్దేరినవ్?" అనేవాడు.

మొదట్లో నాకు ఇదేం తమాషా అనిపించింది. వారం తిరక్కముందే అర్థమైంది. కుర్చీలో కూర్చున్నవాడు కథ చెప్తాడు. పోలీసులకు చెప్పిందే, బావమరిది నేర్పిందే మనకూ అప్పజెప్తాడు. బల్ల మీద కూర్చున్నవాడికి ఒళ్లు గుర్తుకొస్తుంది. మౌలాలి నుంచి పాలు పోసే యాదగిరి వచ్చాడు. కారు వెనక నుంచి గుద్దిందని కాగితాల్లో ఉంది. రాసినవాళ్లకు అది రాయడం సులువు. బల్ల మీద కూర్చోబెడితే, ఆ క్షణం వచ్చేసరికి మనిషి తల వెనక్కి తిప్పలేదు. కుడి మోచెయ్యి ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కారు కుడి పక్క సందులోంచి వచ్చింది! మేం వెళ్లి ఆ సందు మొదట్లో వెతికితే పంక్చర్ షాపతను దొరికాడు, కళ్లారా చూసినవాడు. అంతవరకు అతన్ని అడిగిన నాథుడే లేడు.

ఒక మాట గట్టిగా చెప్తున్నాను. బల్ల సాక్ష్యం కాదు. జడ్జిగారి ముందు బల్ల వేస్తానంటే మనల్ని బల్లతో సహా బయటికి పంపిస్తారు. మనం ఎక్కడ వెతకాలో అది చెప్తుంది, అంతే. ఇంకోటి, బల్ల మీద చాలామంది సగంలోనే ఏడుస్తారు. మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి. ఏడుస్తుంటే రాయడం ఆపండి.

సారు తొందర

గురువుగారిని పొగిడి వదిలేస్తే ఆయన్ని నేను నిజంగా ఎరగనట్టే. సారుకు ఒక జబ్బు ఉండేది. ఎదుటివాళ్లు ఎంతో కొంత ఇస్తామనగానే రాజీ చేసేసేవాడు. "ఏండ్ల తరబడి తిరుగుతరా వీళ్లు? దొరికింది తీస్కొని ఇంటికి పోనీ" అనేవాడు. ఆయన మాటలో దయ లేకపోలేదు. వాయిదాలకు తిరిగి తిరిగి ముసలివాళ్లయిన మనుషుల్ని నేనూ చూశాను.

కానీ యూనివర్సిటీ హాస్టల్ అమ్మాయి ఒకతెకు తుంటి దెబ్బ తగిలింది. స్నేహితురాలి బండి వెనక కూర్చుని పడింది. కట్టు ఇంకా విప్పకుండానే సారు రాజీ కుదిర్చాడు. ఆ రోజు నేను గొడవపడ్డాను. ఇంకో ఆపరేషన్ పడుతుందో లేదో డాక్టరే చెప్పలేనప్పుడు మీకెలా తెలుసు సార్ అన్నాను. "నువ్వు లాయరువా, ఆమె తల్లివా?" అన్నాడు. తర్వాత ఆ పిల్లకు రెండో ఆపరేషన్ పడింది. ఇంకెవరినీ అడగడానికి లేదు, సంతకం అయిపోయింది. సారు ఆ తర్వాత చాలా రోజులు నాతో పొడిపొడిగా మాట్లాడాడు. తప్పు తనదని తెలిసినప్పుడు ఆయన ఎప్పుడూ అంతే.

ఎముక అతికాక కేసు తెగాలి గానీ, కేసు తెగాక ఎముక అతకకూడదు. నా జూనియర్లందరికీ ఇది చెప్పాను. కొందరు విన్నారు.

సారు పోయాక ఆఫీసు నాకు వచ్చింది. చేసిన మొదటి పని దాన్ని కిందికి దించడం. టిఫిన్ సెంటర్ వెనక గది. దోసెల వాసన, మిక్సీ మోత. అయినా మెట్లు లేవు. బల్లను మాత్రం వెంట తెచ్చుకున్నాను.

"జారి పడ్డాడు సార్"

మన జనం ఒక పని చేస్తారు, ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు మండుతుంది. లారీ గుద్ది మనిషి రక్తంలో ఉంటాడు. ఆసుపత్రిలో ఎలా జరిగిందని అడిగితే తోడొచ్చినవాడు "జారి పడ్డడు సార్" అంటాడు. ఎందుకయ్యా అంటే, "కేసయితది కద మేడం". కేసు గుద్దినవాడి మీద అవుతుంది, పడినవాడి మీద కాదు. ఆ ముక్క చెప్పేవాడు ఆ సమయానికి అక్కడ ఉండడు. పోలీసు అన్న మాట వింటేనే మనవాళ్లకు తామే ఏదో తప్పు చేసినట్టు గుండె జారిపోతుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే. ఆ ఒక్క మాటను పట్టుకుని బీమా కంపెనీ వకీలు మనల్ని ఏళ్లు తిప్పుతాడు.

ఇప్పుడు చెప్పబోయేది అలాంటి అబద్ధమే, కాకపోతే భయంతో ఆడింది కాదు.

శ్రీశైలం

శ్రీశైలం జనగామ వైపు పల్లెటూరి పిల్లాడు. యూనివర్సిటీలో పీజీ చదువుతూ కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారయ్యేవాడు. మహేందర్ అని రూమ్మేటు, వీడి నోట్లో 'మైంద్‌గాడు'. ఇద్దరూ కలిసే చదివారు, పొద్దున్నే గ్రౌండ్‌లో కలిసే పరుగెత్తారు. మహేందర్ సెలెక్ట్ అయ్యాడు. శ్రీశైలం పరుగులో కొద్దిలో తప్పాడు. మళ్లీ నోటిఫికేషన్ పడితే చూసుకోవచ్చులే అనుకున్నాడు. మహేందర్ పేరు లిస్టులో వచ్చి, పోలీసు వెరిఫికేషన్ ఇంకా కాకముందు, ఒక సాయంత్రం ఇద్దరూ బైకు మీద హబ్సిగూడ నుంచి వస్తున్నారు. నీళ్ల ట్యాంకరు ఒకటి ఉన్నట్టుండి రోడ్డుకు అడ్డంగా తిరిగింది. మహేందర్ ఎడమ పక్కకు ఎగిరి పడ్డాడు, ఒళ్లు దోక్కుపోయింది, అంతే. శ్రీశైలం కుడికాలు చక్రం కింద పడింది. మోకాలి కింద తీసేశారు.

నా దగ్గరికి ఊతకర్రతో వచ్చాడు. కాగితాలన్నింటిలో ఒకటే ఉంది: బండి నడిపింది శ్రీశైలం, వెనక కూర్చున్నది మహేందర్. ఫిర్యాదు రాసిచ్చింది కూడా మహేందరే.

"లైసెన్సు ఉందా?"

"లేదు మేడం."

"బండి ఎప్పుడు నేర్చుకున్నావ్?"

"ఉత్తగనే... ఆడ ఈడ."

బల్ల మీద కూర్చోబెట్టాను. చేతులు ముందుకు చాపి హ్యాండిల్ పట్టుకున్నట్టు పెట్టాడు, ఎవరో పాఠం చెప్పినట్టు. హబ్సిగూడ దాటాడు. సిగ్నల్ దగ్గర ఆగాడు. మళ్లీ కదిలాడు. "ట్యాంకర్ అడ్డం మలిగింది మేడం" అన్నాడు. అనగానే రెండు చేతులూ హ్యాండిల్ వదిలేశాయి. నడుము వెనక్కి వెళ్లి బల్ల అంచును గట్టిగా పట్టుకున్నాయి. వేళ్లు తెల్లబడ్డాయి.

బండి నడిపేవాడు ఆ క్షణంలో బ్రేకు పిసుకుతాడు. వెనక కూర్చున్నవాడే వెనకున్న కడ్డీ పట్టుకుంటాడు.

"శ్రీశైలం, నీ చేతులు ఎక్కడున్నాయో చూసుకో" అన్నాను.

చూసుకున్నాడు. తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తేలు కుట్టిన దొంగలా తల ఎత్తలేదు. అవతల టిఫిన్ సెంటర్‌లో మిక్సీ తిరిగి ఆగిపోయింది.

అప్పుడు చెప్పాడు. వాళ్ల హాస్టల్‌లో ఒక కట్టుబాటు ఉందట. ధర్నా కానీ, కొట్లాట కానీ, ఏది జరిగినా రిజల్టు వచ్చినవాడి పేరు ఎక్కడా రాకూడదు. రానివాళ్లు తమ పేర్లు ఇస్తారు. రేపు వాళ్లకు వచ్చినప్పుడు ఇంకొకరు ఇస్తారు. ఎవరూ రాసిపెట్టుకోలేదు, ఎవరూ తప్పలేదు.

"రోడ్డు మీద పడున్నప్పుడు మైంద్‌గాడు ఏడుస్తుండె మేడం. నేనే అన్న. 'బండి నేను నడిపిన అని చెప్పు, లేకుంటే నీ నౌకరి పోతది' అని."

"కాలు అలా ఉండగా?"

"అప్పటికి నొప్పి తెల్వలే మేడం."

ఇంతకాలం ఈ పనిలో ఉన్నాను, ఆ మాటకు పెన్ను మూసి పక్కన పెట్టాను. కానీ లాయరు పని అక్కడ ఆగదు. చెప్పాల్సింది చెప్పాను. పోలీసులు కేసు పెట్టింది ట్యాంకర్ డ్రైవర్ మీద. తప్పు మొత్తం అతనిదే. మహేందర్‌కు లైసెన్సు ఉంది, బండి నడిపింది అతనే అని చెప్పినా అతని మీద ఏ కేసూ ఉండేది కాదు. దెబ్బ తగిలినవాడిగా, సాక్షిగా పేరు ఉండేది. సాక్షి అయినందుకు ఎవరి ఉద్యోగమూ పోదు.

శ్రీశైలం నా మొహంలోకి చూశాడు. "అంటే... అబద్ధం చెప్పకపోయినా ఏం కాకపోవునా?"

"ఏమీ అయ్యేది కాదు."

నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాడు. నేను మంచినీళ్లు జరిపాను.

ఎదురుగా ఉన్న చిక్కు కూడా చెప్పాను. వెనక కూర్చున్నవాడి మీద ఎవరూ తప్పు మోపలేరు, అతనికి పూర్తి పరిహారం రావాలి. కానీ కాగితాల ప్రకారం లైసెన్సు లేకుండా, బండి రాకుండా రోడ్డెక్కినవాడు శ్రీశైలం. లైసెన్సు లేనంత మాత్రాన తప్పు అతనిదే అయిపోదు. అయినా కంపెనీవాళ్లు దాన్నే పట్టుకుని సాగదీస్తారు, కోత పెట్టమంటారు. మంచి కృత్రిమ కాలు, చదువు అయ్యేదాకా బతుకు, రెండూ ఆ కేసు మీదే ఉన్నాయి. పోలీసు ఉద్యోగం దారి ఎలాగూ మూసుకుపోయింది.

"నిజం వేద్దాం. మహేందర్ వచ్చి చెప్పాలి" అన్నాను.

"ఇప్పుడు చెప్తే వానికి అయితది కద మేడం? పోలీసోళ్లకు అబద్ధం రాసిచ్చినట్టు అయితది. ట్రైనింగ్‌ల ఉన్నడు."

అవుతుంది. ఆ మాట కాదనలేకపోయాను. లేని ప్రమాదం నుంచి తప్పించడానికి ఆడిన అబద్ధం ఇప్పుడు నిజమైన ప్రమాదమై కూర్చుంది.

"నా కాలు పోనే పోయింది. వాని నౌకరి ఎందుకు పోవాలె? నేనే నడిపిన అని వెయ్యుండ్రి."

"నేను వెయ్యను" అన్నాను. కుండ బద్దలు కొట్టినట్టే అన్నాను. తెలిసీ అబద్ధం మీద ప్రమాణం చేయించడం నా చేత కాదు. వేసేవాళ్లు ఊళ్లో బోలెడుమంది ఉన్నారు, వెళ్లమన్నాను. లేచి, ఊతకర్ర సర్దుకుని వెళ్లిపోయాడు. నా మీద కోపం కూడా లేదు వాడికి. ఉంటే బాగుండేది.

అంజమ్మ

కేసు వేయడానికి గడువుంటుంది. శ్రీశైలం ఇంకే వకీలు దగ్గరికీ పోలేదు, గడువు దగ్గర పడుతుండగా వాళ్లమ్మ అంజమ్మ వచ్చింది. పత్తి చేను ఎవరికో అప్పజెప్పి, అడిక్‌మెట్‌లో చిన్న గది తీసుకుని కొడుకును చూసుకుంటోంది. ఆమెకు అసలు సంగతి తెలియదు.

"మావోనికి సైకిలే సక్కగ రాదు మేడం. బండి ఎందుకు ముట్టిండో! పొద్దుమాపు తిడుతున్న. వాడు నోరు తెరువడు."

నాకు నిజం నాలుక మీదే ఉంది. క్లయింటు నాతో చెప్పింది కన్నతల్లికైనా చెప్పకూడదు. ఈ వృత్తిలో కష్టం వాదించడంలో ఉంటుందనుకుంటారు, కాదు. ఇదిగో, ఇక్కడ ఉంటుంది. "వాణ్ని తిట్టకమ్మా" అని మాత్రం అన్నాను.

"ఎట్ల తిట్టకుంటనమ్మా? పరాయి పిల్లగాన్ని గూడ సంపుతుండె. మొన్న మహేందర్ సూడనీకి వస్తే కాళ్లు పట్టుకున్నంత పని చేసిన. మావోని తప్పు మన్నించు బిడ్డా, నీకేమన్న అయితే మీ అమ్మకు ఏం మొకం చూపెడుదు అన్న."

"మహేందర్ ఏమన్నాడు?"

"ఏమంటడు! అన్నం కలిపినోడు కలిపినట్టే లేచిపోయిండు."

ఆమె వెళ్లాక నేను ఆ పూట ఇంకో క్లయింటును చూడలేదు.

మహేందర్

తర్వాతి ఆదివారం ఒక కుర్రాడు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. జుట్టు పొట్టిగా, నిటారుగా. చెప్పకుండానే ఎవరో తెలిసింది. లోపలికి రాగానే బల్ల చూశాడు. శ్రీశైలం చెప్పి ఉంటాడు. కూర్చోమనక ముందే కాలు అటు వేసి కూర్చున్నాడు. చేతులు ముందుకు చాపాడు. చాపి, అలాగే ఉంచి, "బండి నేను నడిపిన మేడం" అన్నాడు.

"తెలుసు. చేతులు దించు."

దించలేదు. "రోజు బండి తీసే ముందు వాన్ని అడుగుతుంటి. 'పట్టుకున్నవా' అని. వాడు 'పట్టుకున్న, పోనియ్' అన్నంకనే తీస్తుంటి. ఆ రోజు సిగ్నల్ కాడ తొందరల అడగలే. అడిగితే జెర ఆగుతుంటి. ఆగితే ట్యాంకర్ ముంగటికెళ్లి పోతుండె."

"అది నీ తప్పు కాదు. ట్యాంకర్ వాడి తప్పు."

"తెల్సు మేడం. అయినా అడగలే కద."

ఇక్కడ జూనియర్లు జాగ్రత్తగా చదవండి. వాడు నాకు కావలసిన సాక్షి. వాడు నోరు విప్పితే నా క్లయింటు బతుకు బాగుపడుతుంది. అలాంటప్పుడే మన మాటకు తీపి వస్తుంది. నేను లాయర్‌ని శ్రీశైలానికి, నీకు కాదు అని ముందే చెప్పాను. నీ గురించి వేరే వకీలును అడుగు అన్నాను. తెలిసిన ఒకాయన పేరు ఇచ్చాను.

"చెప్తే నా నౌకరి పోతదా మేడం?"

"పోవచ్చు. పోకపోవచ్చు. ఏమీ కాదులే అని నేను అననయ్యా."

"నా జాగల మీరుంటే ఏం చేస్తుంటిరి?"

"నీ జాగాలో నేను లేను. ఉంటే నాకూ భయమే వేసేది."

అప్పుడు చేతులు దించాడు. లేచేటప్పుడు, "ముందుగాల అవ్వకు చెప్తా" అన్నాడు. శ్రీశైలం వాళ్లమ్మను వాడు అవ్వ అనేవాడు.

రెండో రోజు అంజమ్మ ఇద్దర్నీ వెంటేసుకుని వచ్చింది. ఒకడు కర్ర మీద, ఒకడు తల వంచుకుని.

"ఇద్దరు దొంగలే మేడం. ఇద్దర్ని కొట్టిన" అంది. కాసేపాగి, "వీనికి కాలు లేదని జెర తక్కువ కొట్టిన" అంది.

శ్రీశైలం మొహం అటు తిప్పుకుని నవ్వాడు. ఏడాదిలో ఆ బల్ల దగ్గర నేను విన్న మంచి నవ్వు అదే. గడువు లోపల ఉన్నది ఉన్నట్టు కేసు వేశాను. పోలీసులకు మొదట తప్పు చెప్పామని కూడా అందులోనే రాశాను. మన బలహీనతను మనమే ముందు చెప్పాలి. ఎదుటివాడు బయటపెడితే అది అబద్ధం, మనం పెడితే అది సంజాయిషీ.

క్రాస్

ట్యాంకర్ బీమా కంపెనీ తరఫున ప్రసాదరావు గారు. మా గుంటూరు వైపు మనిషి, మాట తేనె, పన్ను పదును. ఎన్నో ఏళ్లుగా ఎదురెదురుగా వాదించుకుని, క్యాంటీన్‌లో ఒకే ప్లేటు మిర్చి బజ్జీలు తిన్నాం. ఆయన్ని నేను తప్పు పట్టను. సాక్షి ఇలా మాట మార్చి వస్తే నేనైనా అదే అడిగేదాన్ని.

"ఏం బాబూ, ఇప్పుడు కానిస్టేబుల్‌వి కదా? పోలీసులకే అబద్ధం రాసిచ్చావన్నమాట."

"రాసిచ్చిన సార్."

"అంటే అవసరమైతే అబద్ధం చెప్తావు. ఇవాళ నీ స్నేహితుడికి పరిహారం అవసరం. కాబట్టి ఇవాళా చెప్తున్నావు. అవునా, కాదా?"

మహేందర్ బోనులో చెక్క పట్టుకుని నిలబడ్డాడు. వెనక వరసలో శ్రీశైలం కర్ర మీద గడ్డం ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఇలాంటప్పుడు లేచి అడ్డం పడాలని ఉంటుంది. నేను లేవలేదు. ఎవరూ ఆ జవాబు నేర్పలేదు, నేర్పడానికి నాకు తోచనూ లేదు.

"సార్, అప్పుడు నౌకరి పోతదని భయపడి చెప్పిన. ఇప్పుడు చెప్తే నౌకరి పోవచ్చని తెల్సి చెప్తున్న. రెండిట్ల ఏది అబద్ధమో మీరే సూడుండ్రి."

జడ్జిగారు రాసుకుంటున్న పెన్ను ఆపి తల ఎత్తారు. ప్రసాదరావు గారు ఇంకో ప్రశ్న కోసం కాగితాలు తిప్పి, మూసేసి, "అంతేనండి" అని కూర్చున్నారు. బయట నా పక్కన నిలబడి, "మీరు నేర్పారా ఆ మాట?" అని అడిగారు. లేదన్నాను. "అనుకున్నాను లెండి. మీరు నేర్పితే ఇంకా పొడుగ్గా ఉండేది" అన్నారు. నిజమే, ఒప్పుకున్నాను.

తీర్పు సంగతి అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. వెనక కూర్చున్నవాడిగానే శ్రీశైలానికి పరిహారం వచ్చింది, కోత లేకుండా. మహేందర్ మీద శాఖాపరంగా విచారణ జరిగింది. మందలింపు, కొంత శిక్ష పడ్డాయి, ఉద్యోగం నిలిచింది. నిలవకపోయే అవకాశం కూడా అంతే ఉంది. నిలిచింది కాబట్టి నిజానికి ఎప్పుడూ మేలే జరుగుతుందని మీకు నీతి చెప్పే పాపం నేను మూటగట్టుకోను.

నాకు గుర్తుండిపోయింది తీర్పు రోజు కాదు, సాక్ష్యం చెప్పిన రోజు. అప్పటికి వాళ్లిద్దరిలో ఎవరికీ ఏం జరగబోతోందో తెలియదు. కోర్టు బయట అంజమ్మ ఆటో కోసం చెయ్యి ఊపుతోంది. దెబ్బ తగిలినప్పటి నుంచి శ్రీశైలం బైకు ఎక్కలేదు. మహేందర్ కూడా నడపలేదట. ఆ రోజు మాత్రం బండి తెచ్చాడు, బాగు చేయించిన అదే బండి. శ్రీశైలానికి అప్పటికి తాత్కాలికంగా ఒక కాలు పెట్టారు, తేలికైనది, ఇంకా అలవాటు కానిది.

వాడు ఆటో వైపు వెళ్తున్నవాడల్లా ఆగాడు. కర్ర తీసి వాళ్లమ్మ చేతికిచ్చాడు.

"ఏందిరా?" అంది అంజమ్మ.

"మైంద్‌గాని బండి మీద వస్తనే."

ఆమె ఏదో అనబోయి నా వైపు చూసింది. అది లాయరు చెప్పాల్సింది కాదు. శ్రీశైలం మహేందర్ భుజం పట్టుకుని ఎక్కాడు. కొత్త కాలు ఫుట్‌రెస్ట్ దొరక్క కిందికి వేలాడింది. మహేందర్ బండి దిగి, రోడ్డు మీద వంగి, ఆ కాలిని రెండు చేతులతో పట్టుకుని ఫుట్‌రెస్ట్ మీద పెట్టాడు. జారుతుందేమోనని ఒకసారి నొక్కి చూశాడు. మళ్లీ ఎక్కి కూర్చుని తాళం తిప్పాడు. కానీ బండి తీయలేదు.

శ్రీశైలం చేతులు నడుము వెనక్కి వెళ్లి కడ్డీని పట్టుకున్నాయి, నా బల్ల అంచును పట్టుకున్నట్టే.

"పట్టుకున్నవా?" అన్నాడు మహేందర్, వెనక్కి తిరగకుండా.

"పట్టుకున్న. పోనియ్ రా."